ముప్పై టన్నుల గోడ, రెండు లీటర్ల నీళ్లు

శ్రీకాకుళం జిల్లా మనుషులు బతుకుతెరువు కోసం పట్టిన దారులు పొడవైనవి. ఒకప్పుడు రంగూన్, తర్వాత ఖరగ్‌పూర్, ఇప్పుడు విశాఖ, హైదరాబాద్, చెన్నై, కొందరికి అమెరికా. ఎంత దూరం వెళ్లినా ఊళ్లో ఇల్లు మాత్రం అమ్మరు. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి ప్రాంతాల్లో ఏ వీధిలో చూసినా తాళం వేసిన ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఏడాదిలో పదకొండు నెలలు అది అలాగే ఉంటుంది. భోగి ముందు రోజుకి తలుపులు తెరుచుకుంటాయి. కనుమ వెళ్లాకో, ముక్కనుమ వెళ్లాకో మళ్లీ మూతపడతాయి. మూడు నాలుగు రాత్రుల కాపురం.

ఈ రాత్రుల్లోనే చలి గురించి మాట వస్తుంది. పాతపట్నం మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడికి పక్కనే ఉంది. తూర్పు కనుమలు దగ్గర. నది మీద మంచు కమ్ముకున్న జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీల దాకా దిగడం మామూలే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లలు వణుకుతారు. పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి. మరుసటి ఏడాది వచ్చేటప్పుడు ఒక హీటర్ తెచ్చుకుందాం అనుకుంటారు. ఏ హీటర్? షాపులో రాడ్ హీటర్ ఉంది, బ్లోయర్ ఉంది, రేడియేటర్‌లా కనిపించే ఆయిల్ హీటర్ ఉంది, వేడి చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ ఉంది. ఎంచుకోవడానికి ముందు ఒక లెక్క వేయాలి. ఆ లెక్కలో హీటర్ కంటే గోడకే ఎక్కువ చోటు ఉంటుంది.

పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. అందులో గాలి సుమారు 41 ఘనమీటర్లు. ఘనమీటరు గాలి 1.2 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం గాలి 49 కిలోలు. ఒక సిమెంట్ బస్తా బరువన్నమాట. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోజౌల్ చాలు. ఆరు డిగ్రీలు పెంచాలంటే 294 కిలోజౌళ్లు. కరెంటు లెక్కలో చెప్పాలంటే యూనిట్‌లో పన్నెండో వంతు. రెండు వేల వాట్ల బ్లోయర్ ఈ పని రెండున్నర నిమిషాల్లో చేసేయాలి.

అనుభవంలో అలా జరగదని బ్లోయర్ కొన్న ప్రతి ఇంటికీ తెలుసు. గంటసేపు తిరుగుతుంది, గది వెచ్చబడినట్టే ఉంటుంది, ఆపిన పది నిమిషాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. వేడంతా గోడలోకి పోయింది. పాతకాలపు ఇంట్లో గోడ అడుగున్నర మందం. నాలుగు గోడల్లోంచి తలుపులు, కిటికీలు, మూలలు తీసేసినా సుమారు 30 టన్నుల ఇటుక, మట్టి, సున్నం మన చుట్టూ నిలబడి ఉంటాయి. దాని విశిష్టోష్ణం, అంటే ఒక కిలోని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి, గాలి కంటే కాస్త తక్కువే, 0.85 కిలోజౌల్. కానీ బరువు ఆరువందల రెట్లు. ఆ గోడంతా ఆరు డిగ్రీలు వేడెక్కాలంటే 42 యూనిట్ల కరెంటు కావాలి. గాలికి పట్టే దానికి ఐదొందల రెట్లు. అదే బ్లోయర్ ఒక్క నిమిషం ఆపకుండా, ఒక్క చుక్క వేడి బయటికి పోకుండా, 21 గంటలు నడవాలి. బయటికి పోకుండా ఎలాగూ ఉండదు. భోగి రాత్రి మొదలుపెడితే గోడ వెచ్చబడేసరికి చుట్టాలు పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు.

ఏడాది పొడవునా మనుషులు ఉండే ఇంటికి ఈ బరువు మంచిది. ఒకసారి వేడెక్కిన గోడ నిదానంగా చల్లబడుతుంది కాబట్టి పెట్టిన ఖర్చు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. నాలుగు రాత్రుల ఇంటికి అలా తిరిగి రాదు. మనం వెచ్చబెట్టిన గోడ, మనం వెళ్లిపోయాక తాళం వేసిన చీకటి గదికి ఆ వేడిని ఇచ్చుకుంటుంది. అప్పుడప్పుడూ వాడే ఇంటికి వెచ్చదనం ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇదే.

గోడలో వేడి ఎంత నిదానంగా నడుస్తుందో మొదట గణితంలో పెట్టినవాడు జోసెఫ్ ఫూరియే. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లి, 1801లో ఫ్రాన్స్‌కి తిరిగి వచ్చాడు. ఆ ఎండ దేశం నుంచి వచ్చాక చలి అంటే ఆయనకి పడేది కాదట. దళసరి బట్టలు కప్పుకుని, గదిని బాగా వేడిగా ఉంచుకునేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పారు. ఉష్ణం గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథం 1822లో వచ్చింది. అందులోని సమీకరణాన్ని మన ఇటుక గోడకి పెడితే ఒక ముచ్చటైన ఫలితం వస్తుంది. పగలు ఎక్కి రాత్రి దిగే ఉష్ణోగ్రత ఒక అలలా గోడలోకి చొరబడుతుంది. ప్రతి 12 సెంటీమీటర్ల లోతుకీ ఆ అల నూటికి 37 వంతులకి కుంగిపోతుంది. 45 సెంటీమీటర్ల గోడ దాటేసరికి మిగిలేది నూటికి రెండు వంతులే. పైగా దారిలో 14, 15 గంటలు ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ లోపలి గోడకి తెల్లవారుజామున నాలుగున్నరకి చేరుతుంది. కానీ చేరేది చేత్తో తాకినా తెలియనంత.

కాబట్టి మందపాటి గోడ పగటికీ లొంగదు, రాత్రికీ లొంగదు. ఆ నెల సగటు ఉష్ణోగ్రత దగ్గర స్థిరపడి ఉంటుంది. తెల్లవారుజామున 16, మధ్యాహ్నం 28 ఉండే ఊళ్లో సగటు 22. అంటే పాతపట్నంలో మట్టిగోడల మూతపడిన ఇంటి లోపల గోడ, బయట 16 ఉన్నప్పుడు కూడా, 21, 22 డిగ్రీల దగ్గర ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాలు చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంటాయి. మన పాత ఇల్లు ఏ హీటరూ లేకుండానే ఆ గీతకి పైన ఉంది. మరి చలి ఎందుకు వేస్తోంది?

కారణాలు చాలావరకు గోడలో లేవు. ఒకటి కప్పు. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి వెచ్చని గాలి పైకి పోతూ ఉంటుంది, తలుపు కింద నుంచి మంచుగాలి లోపలికి వస్తూ ఉంటుంది. గంటకి పదిసార్లు గాలి మారిపోయే గదిని బయటి కంటే ఎనిమిది డిగ్రీలు ఎక్కువగా ఉంచాలంటే గాలి కోసమే వెయ్యి వాట్లకు పైగా నిరంతరం పోయాలి. పెంకుల కింద చెక్క అటక ఉన్న గదికీ, లేని గదికీ ఉన్న తేడా ఇందులోంచే వస్తుంది. డాబా ఇంట్లో చిక్కు వేరు. నాలుగైదు అంగుళాల స్లాబు పగటి అలలో నూటికి నలభై వంతుల్ని లోపలికి వదిలేస్తుంది. మబ్బు లేని జనవరి రాత్రి ఆ స్లాబు ఆకాశానికి నేరుగా వేడిని వెదజల్లుతుంది. తొమ్మిదంగుళాల గోడ, పైన స్లాబు ఉన్న కొత్త ఇల్లు తెల్లవారుజామున తాతల నాటి మట్టిగోడల ఇంటికంటే చల్లగా ఉంటుంది. మే నెల సాయంత్రం అదే ఇల్లు ఉడికిపోయేదీ అందుకే.

రెండో కారణం నేల. గచ్చు గానీ, నాపరాయి గానీ, టైల్స్ గానీ గాలి ఉన్న ఉష్ణోగ్రతలోనే ఉన్నా పాదం నుంచి వేడిని చరచరా లాగేస్తాయి. ఒక తుంగచాప వేస్తే నేల ఉష్ణోగ్రత ఏమీ మారదు, పాదానికి మాత్రం అంతా మారిపోతుంది. మూడోది తేమ. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇంటికి వచ్చినవాళ్లు చలి అని చెప్పేదాంట్లో సగం తేమే అని నా నమ్మకం.

పదకొండు నెలలు మూసి ఉన్న గదిలో వానాకాలపు చెమ్మ గోడలో, పరుపుల్లో, బీరువా మీద పెట్టిన బొంతల్లో దిగబడి ఉంటుంది. నూలు సహజంగానే నీటిని పట్టుకునే పదార్థం. మామూలు గాలిలో దాని బరువులో నూటికి ఎనిమిది వంతులు నీరే, చెమ్మగాలిలో ఇంకా ఎక్కువ. మూడు కిలోల బొంత అదనంగా 200 గ్రాముల నీరు పట్టిందనుకుంటే, అది ఆవిరవడానికి దాదాపు 490 కిలోజౌళ్లు కావాలి. బొంత కప్పుకున్న మనిషి ఒంటి నుంచే అందులో కొంత పోతుంది. పడుకున్న మనిషి విడుదల చేసే వేడి 70, 80 వాట్లు మాత్రమే. చెమ్మబొంత కింద ముడుచుకుని పడుకున్నవాడు తన ఒంటి వేడితో బట్టలు ఆరబెడుతున్నాడు. వచ్చిన రోజునే పరుపులు, బొంతలు మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, మూడింటికల్లా, వెచ్చగా ఉండగానే, లోపలికి తీసుకురావడం వెయ్యి రూపాయల పరికరం చేయలేని పని చేస్తుంది. గది తలుపులు కిటికీలు కూడా పొద్దున మంచులో తెరవకూడదు. పదింటికి తెరిచి నాలుగింటికి మూయాలి. మధ్యాహ్నపు గాలి వెచ్చగా, పొడిగా ఉండి గోడలోని చెమ్మని మోసుకుపోతుంది. మంచుగాలి దాన్ని మోసుకుపోలేదు.

ఇప్పుడు హీటర్ల దగ్గరికి వద్దాం. భోగి మంట చుట్టూ నిలబడిన వాళ్లకి ఒక సంగతి ఒంటికి తెలుసు. చుట్టూ గాలి 16 డిగ్రీలే, అయినా ముఖం, ఛాతీ మండిపోతాయి. వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. మంట గాలిని వేడి చేసి ఆ గాలితో మనల్ని తాకడం లేదు. వికిరణం రూపంలో వేడి నేరుగా ఒంటిని చేరుతోంది. ఎర్రగా కాలే రాడ్ హీటర్, క్వార్ట్జ్ హీటర్ చేసేదీ ఇదే. గోడల్ని, పెంకుల సందుల్ని పట్టించుకోకుండా ఎదురుగా కూర్చున్న మనిషిని వేడి చేస్తాయి. అందుకే గాలి నిలవని పెంకుటింటి హాల్లో, సాయంత్రం నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోట, 800 వాట్ల రాడ్ హీటర్ రెండు వేల వాట్ల బ్లోయర్ కంటే మేలు. తలుపు సరిగా పడే చిన్న స్లాబు గదిలో, స్నానం ముందు పది నిమిషాలకి, బ్లోయర్ మేలు. ఆయిల్ హీటర్ వేడెక్కడానికే అరగంట తీసుకుంటుంది, కానీ చప్పుడు లేదు, ఎర్రటి తీగ లేదు. పసిపిల్లలున్న గదిలో రాత్రంతా ఉంచాలంటే ఈ మూడింట్లో దాన్నే ఎంచుకుంటాను.

ఒక అపోహ తీసేయాలి. ఆయిల్ హీటర్ కరెంటు ఆదా చేస్తుందని షాపులో చెబుతారు. తీగ వేడెక్కించి పనిచేసే హీటర్ ఏదైనా, చౌకదైనా ఖరీదైనదైనా, ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒక్కటే, 3,600 కిలోజౌళ్లు. తేడా ఆ వేడి ఎటు పోతుందన్న దాంట్లోనే. ఊళ్లో మరో సంగతి. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఉండాల్సిన చోట 200 వోల్టులే వస్తే వేడి ముప్పావు వంతుకి పడిపోతుంది. పండగ రాత్రి వీధి వీధంతా లైట్లు వేసుకున్నప్పుడు హీటర్ సరిగా కాలడం లేదని అనిపిస్తే దాని తప్పు కాకపోవచ్చు. రెండు వేల వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. తాతల నాటి ఐదు ఆంప్స్ సాకెట్‌లో అది పెడితే ప్లగ్గు కరుగుతుంది, లోపల వైరు కాలుతుంది. ఒక కిలోవాట్ లోడు రాయించుకున్న కనెక్షన్ మీద రెండు హీటర్లు వేయడం గురించి ఆలోచించనే కూడదు. కొనబోయే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ ఉందో లేదో చూపించి, ఒక పవర్ ప్లగ్గుకి కొత్త వైరు లాగించాలి. ఏడాదంతా మూసి ఉన్న ఇంట్లో బల్లులు, చీమలు స్విచ్చుబోర్డుల్లో కాపురం పెట్టి ఉంటాయి, వాటినీ చూపించాలి.

అయితే నాలుగు రాత్రుల ఇంటికి అన్నింటికంటే తెలివైన పరికరం వీటిల్లో ఏదీ కాదని నా అభిప్రాయం. రెండు లీటర్ల రబ్బరు సంచిలో 70 డిగ్రీల నీళ్లు పోసి, గుడ్డ చుట్టి, దుప్పటి కింద పాదాల దగ్గర పెట్టుకుంటే, ఆ నీళ్లు 35 డిగ్రీలకి చల్లారే లోపు 293 కిలోజౌళ్ల వేడి ఇస్తాయి. పైన లెక్క వేసిన గదిలోని గాలినంతా ఆరు డిగ్రీలు పెంచడానికి పట్టిన వేడి 294. రెండూ ఒక్కటే. ఒకటి గదంతా చెదిరి గోడలోకి ఇంకిపోతుంది, రెండోది బొంత కింద మనిషితోనే ఉంటుంది. పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటి కూడా ఇదే దారి. 60 వాట్లది రాత్రంతా నడిచినా అర యూనిట్. అదే ఎనిమిది గంటలు రెండు వేల వాట్ల హీటర్ ఆగకుండా నడిస్తే 16 యూనిట్లు. పసిపిల్లల పక్కలో మాత్రం ఎలక్ట్రిక్ దుప్పటి గానీ, వేడినీళ్ల సంచి గానీ పెట్టకూడదు.

కశ్మీరీలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. అల్లిన బుట్టలో మట్టి కుండ, అందులో నిప్పులు, అదే కాంగ్రీ. దాన్ని ఫెరన్ అనే వదులైన పొడవాటి అంగీ లోపల పట్టుకుని తిరుగుతారు. జపాన్ వాళ్ల కొతాత్సు ఒక పొట్టి బల్ల, దాని మీద బొంత, కింద వేడి. కాళ్లు లోపల పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. ఇద్దరూ ఇంటిని వదిలేసి మనిషిని వెచ్చబెట్టారు.

కాంగ్రీ పేరు చెప్పాక నిప్పుల గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. మన ఇళ్లలో బాలింత గదిలో కుంపటి పెట్టడం, సాంబ్రాణి వేయడం తరతరాలుగా ఉంది. ఆ రోజుల్లో అది పెద్దగా హాని చేయకపోవడానికి కారణం కుంపటి మంచితనం కాదు, పెంకుల సందులు. బొగ్గు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఆ సందుల్లోంచి పోయేది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తల తిరిగినట్టు కూడా తెలియకముందే స్పృహ పోతుంది. ఇప్పుడు అదే కుంపటిని స్లాబు కింద, అల్యూమినియం కిటికీలు బిగించిన గదిలో పెడితే ఆ వాయువుకి పోయే దారి లేదు. ఉత్తర భారతంలో ప్రతి చలికాలం ఇలా నిద్రలోనే పోయిన కుటుంబాల వార్తలు వస్తూనే ఉంటాయి. భోగి మంటలోని నిప్పులు కుంపట్లోకి ఎత్తి పడకగదిలోకి తేవడం, ఎంత ఆనవాయితీ అయినా, మానేయాలి. నిప్పు ఉన్నంతసేపూ కుంపటి అరుగు మీదే ఉండాలి. గ్యాస్‌తో కాలే హీటర్లది ఇంకో చిక్కు. కిలో గ్యాస్ కాలితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. చిమ్నీ లేని గదిలో ఆ ఆవిరంతా, మనం ఎండబెట్టి పోగొట్టిన చెమ్మ స్థానంలో, మళ్లీ గోడలకే చేరుతుంది. గది బిగించి ఉంటే అదీ విషవాయువు ఇవ్వగలదు.

ఈ లెక్కలన్నీ మైదానపు ఊరివి. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకి దిగుతుంది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లకి గోడ సగటే చాలా తక్కువ. ఒంటిని వెచ్చబెట్టుకోవడం ఒక్కటే సరిపోదు, గదిని కూడా పట్టించుకోవాలి. పర్యాటకుల కోసం వేసే గుడారాల్లో ఇంకో విచిత్రం కనబడుతుంది. గుడారానికి బరువే లేదు. హీటర్ వేయగానే వెచ్చన, ఆపగానే బయటి చలి. నాలుగు రాత్రుల కోసం కొండమీద కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు అడుగున్నర గోడ కట్టడం కంటే, పడకగది ఒక్కదానికి లోపలి వైపు చెక్క పలకలు, వాటి వెనక థర్మోకోల్ వేయించుకోవడం నయం. అప్పుడు హీటర్ ఇచ్చే వేడి 30 టన్నుల్లోకి పోదు, ఆ పలకల దగ్గరే ఆగిపోతుంది.

వేడి చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ గురించి చివరికి ఉంచాను, ఎందుకంటే దానిది వేరే సూత్రం. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడుతుంది. ఇలా చేయవచ్చని విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినవాడు, 1852లోనే ప్రతిపాదించాడు. బయట 15 డిగ్రీలున్న రాత్రి అలాంటి ఏసీ ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్లకి పైగా వేడిని ఇస్తుంది. మంచు కురిసే దేశాల్లో కంటే పాతపట్నం లాంటి చోట ఈ తోడుడు ఇంకా తేలిక, ఎందుకంటే తోడాల్సిన ఎత్తు చిన్నది. మన ఊళ్లలో బిగించే ఏసీల్లో చాలావరకు చల్లబరచడం మాత్రమే వచ్చినవి, కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. నాలుగు జనవరి రాత్రుల కోసమే అయితే ఇంత ఖర్చు దండగ. కానీ అదే ఇంటికి వేసవి సెలవుల్లో కూడా పిల్లలు వస్తుంటే లెక్క మారుతుంది. ఎనభై దాటిన అమ్మమ్మో, నెలల పసిబిడ్డో పండక్కి వస్తుంటే ఇంకా మారుతుంది. చలిని తట్టుకోవడం వాళ్ల ఒంటికి కష్టం, చల్లబడిన సంగతి వాళ్లకి తెలియకుండానే పోవచ్చు. అలాంటి ఇంట్లో స్లాబు ఉన్న ఒక చిన్న గదిని ఎంచి, తలుపు కింద సందుకి పాత చీర మడిచి అడ్డం పెట్టి, ఏసీని ఆ ఒక్క గదికే పెట్టాలి. రాత్రి పడుకునే వేళకి కాకుండా సాయంత్రం ఆరింటికే 22, 23 డిగ్రీల మీద వేసి ఉంచితే, పడక వేసే సమయానికి గోడ పైపొర నాలుగైదు అంగుళాల మేర కాస్త వెచ్చబడి ఉంటుంది. అమ్మమ్మ మంచాన్ని ఆ గదిలోనే, బయటి గోడకి దూరంగా, లోపలి గోడ వైపు జరిపి వేయాలి.